పెడతల

కుటాయిసిలో, రియోనీ నది పక్క సందులో నా దుకాణం.
అరిగిన గేరు పళ్లు, కుర్చీకోళ్ల తొడుగులు,
పిల్లల బొమ్మలకి ఊడిన చేతులు,
ఏదడిగితే అది పొర మీద పొర పేర్చి
అచ్చు తీసిస్తాను.

మంగళవారం వానలో లమారా వచ్చింది.
తెల్లకర్ర గుమ్మానికి ఆనించి
కోటు లోపల్నించి ఒక ఫోటో తీసి
తలకిందులుగా అందించింది.
"మా ఆయన. ఇందులో ఉన్నాడని చెప్పారు.
బయటికి తియ్యి."

రొట్టెల బట్టీ ముందు ఒకాయన,
భుజాన గుడ్డ, సగం కాలిన కనుబొమలు,
నవ్వాలా వద్దా అని ఆగిపోయిన మూతి.
ఒక్కటే ఫోటో. ఎదట్నించే.
వెనకనించి ఎవరు తీస్తారు?

యంత్రానికి ఇచ్చాను.
అది ముందు బట్టీని చెరిపింది, తర్వాత పొగని.
ముక్కు ఎంత ముందుకో కన్ను ఎంత లోపలికో
నీడల్ని బట్టి లెక్క కట్టింది.
వేల ముక్కోణాలతో వల అల్లింది.
నేను టీ కాచేలోపు
వలలో మనిషి పడ్డాడు.

తిప్పి చూద్దును కదా,
వెనక కూడా ముఖమే!
అవే కనుబొమలు, అదే ఆగిన మూతి.
తెలియని చోట తెలిసిందే మళ్లీ అతికించింది
ఒక్క జవాబే బట్టీపట్టిన కుర్రాడిలా.
ఆమెకి చెప్పలేదు.
"ఇంకాస్త సేపు" అన్నాను.

రెండోసారి బుద్ధిగా జుట్టు పెట్టింది.
ఎవరి జుట్టో.
లక్షల మందిని చూసిందట,
అందరి దగ్గరా తలా కాస్త తీసుకుని
గుండ్రంగా, నున్నగా, వంక పెట్టలేనట్టు
ఒక పెడతల.

అచ్చు పూర్తయ్యేసరికి దీపాలు పెట్టారు.
వెచ్చగా ఉండగానే చేతుల్లో పెట్టాను.
ముఖం తడుముతుందనుకున్నాను.
ముక్కు దగ్గర ఒక్క క్షణం,
పొరపాటున పక్కింటి తలుపు తట్టినట్టు. అంతే.
చెయ్యి సరాసరి వెనక్కి పోయింది. ఆగింది.
"ఎవరిది ఇది?"

"ముప్పై ఒక్క ఏళ్లు
ఆయన ముందు, నేను వెనక.
సంతకీ, ఆస్పత్రికీ, మా అక్క అంత్యక్రియలకీ
నా కుడిచెయ్యి ఆయన మెడ మీద.
మెట్టు వస్తే ఇక్కడ కండ బిగిసేది.
అప్పులవాడు ఎదురైతే ఇక్కడ చెమట.
అబద్ధం ఆడితే, ఇదిగో, ఈ గుంటలో చిన్న వణుకు.
తల వెనక అంతా చదును, పీటచెక్క.
కుడి చెవి వెనక చిక్కుడు గింజంత కాయ.
స్నానం చేసొచ్చినా మెడ మడతలో పిండి.
ముఖం మీ అందరిదీ నాయనా, మీరే చూసుకున్నారు.
నాకు ఆయన ఇటువైపు."

యంత్రానికి చెప్పి చూశాను.
చదును అంటే గోడలా కోసేసింది.
కాయ అంటే కొమ్ము మొలిపించింది.
వణుకు అన్న మాటకి
చాలాసేపు గిర్రున తిరిగి
పాత బొమ్మే మళ్లీ ఇచ్చింది.

సొరుగులో మా పాప ఆడుకునే మట్టి ఉంది.
ఆకుపచ్చది. రంగు సంగతి చెప్పాను,
"అయితే ఏం?" అంది.
బొటనవేలితో నొక్కింది, అరచేత్తో తట్టింది,
గోటితో కాస్త గీరి చెవి వెనక పెట్టింది.
మెడ దగ్గర చాలాసేపు ఉంది.
నేను లైటు వెయ్యడం మర్చిపోయాను,
ఆమెకి దాంతో పని లేదు.

డబ్బులిచ్చి, తలని రొట్టెల సంచిలో పెట్టుకుని,
సంచిలోకి చెయ్యి పోనిచ్చి
వానలోకి నడిచింది.
కర్ర ఇక్కడే ఉంది!
పట్టుకుని పరిగెత్తాను, గొంతులో ఏదో అడ్డుపడగా,
ఆయనే దారి చూపిస్తున్నాడు కాబోలని.
"మట్టి తలకాయకి మెట్లు కనిపిస్తాయా?
ఇటు తే" అని కసిరి
కర్ర లాక్కుంది.

తిరిగొచ్చి చూస్తే
తెర మీద ఆ మొదటివాడు, రెండు ముఖాలవాడు,
ఇంకా మెల్లగా తిరుగుతూనే ఉన్నాడు.
ఎటు తిరిగినా నావైపే చూస్తూ,
ఒక్కసారైనా వెనుదిరిగి
వెళ్లిపోవడానికి వీల్లేక.